ఏనుగు పొట్టకు ఆరు మూలల తొడుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి కూడా ఉంది గాని మన కథలోకి రాదు. వచ్చిందంటే కథ తొందరగా అయిపోతుంది. మన కథలో ఉన్నది ఒక ఏనుగు. వాడి పేరు బొజ్జన్న.

బొజ్జన్న ఒళ్ళు కొండంత. మనసు వెన్నముద్ద. పొట్టకు మాత్రం చెప్పలేనన్ని కితకితలు. గడ్డిపరక తగిలితే చాలు, "హిహిహి" అని మొదలుపెట్టి, "హహహ" అని ఊగిపోయి, "హొహ్హొహొ" అని కూలబడి, నాలుగు కాళ్ళూ పైకెత్తి దొర్లేవాడు. ఏయ్, మీరు నవ్వకండి. మీకు నవ్వులాట, వాడికి ప్రాణసంకటం. తిండి తినబోతే నవ్వు, నడవబోతే నవ్వు.

అందుకని బొజ్జన్న పగలంతా ఒక ఇప్పచెట్టు కిందే నిలబడేవాడు. అక్కడ గడ్డి మొలవదు. ఆ చెట్టు కొమ్మకు పెద్ద తేనెపట్టు వేలాడుతూ ఉండేది. తేనె కోసం ఒక ఎలుగుబంటి తరచూ వచ్చేది. చెట్టు దగ్గరికి పోవాలంటే అది బొజ్జన్న పొట్ట కిందనుంచే దూరి పోవాలి. దూరగానే దాని బొచ్చు పొట్టకు తగిలేది. బొజ్జన్న పకపకా నవ్వేవాడు. ఆ ఎలుగుబంటికి పౌరుషం ఎక్కువ. "నా నడక చూసి నవ్వుతావురా? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కను!" అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయేది. మళ్ళీ వారానికి వచ్చేది. మళ్ళీ అదే తంతు. అలా ఆ పట్టు, పట్టులోని తేనె చల్లగా ఉండేవి.

ఆ పట్టులోని తేనెటీగలకు పెద్దమేస్త్రి మైనాంబ. మైనంతో గదులు కట్టడంలో అడవి మొత్తానికి ఆమెను మించిన ఈగ లేదు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. ప్రతి గదికీ ఆరు మూలలు ఉండాల్సిందే. కొత్తగా పనిలో చేరిన ఈగలచేత పొద్దున్నే నిలబెట్టి చెప్పించేది:

"మూలలు ఆరు! తక్కినవి బేకారు!"

పిచ్చుకగూడు చూస్తే ముక్కు విరిచేది. చీమలపుట్ట చూస్తే తల పట్టుకునేది. పున్నమి చంద్రుణ్ణి చూసి, "మేస్త్రి ఎవరో గాని, మూలలు పెట్టడమే మరిచిపోయాడు" అనేది. అంత పొగరు!

ఆ పట్టులో ఒక ఆచారం ఉంది. కొత్త పట్టు కట్టేటప్పుడు, కొమ్మకు అంటుకునే మొదటి వరసను పెద్దమేస్త్రి ఒక్కతే కట్టాలి. మిగతా ఈగలన్నీ అటు తిరిగి నిలబడాలి. కట్టగానే దానిమీద చెట్టు జిగురు మందంగా మెత్తి మూసెయ్యాలి. జిగురు కింద ఏముందో ఎవరూ అడగరు. అడగకూడదు. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇలా ఉండగా ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగులో నీళ్ళు బురదయ్యాయి, బురద పెంకులయింది. ఏనుగుల మందకు పెద్ద దండమ్మ అనే ముసలి ఏనుగు. ఆమె అందరినీ పిలిచి చెప్పింది:

"ఇక ఇక్కడ ఉంటే గొంతులు ఎండి చస్తాం. రెల్లు దాటి ఏటికి పోవాలి. వానలు పడ్డాక తిరిగి వద్దాం."

రెల్లంటే ఏమనుకున్నారు? ఏనుగు కడుపును రాసుకునే గడ్డి. అడుగు వేస్తే గడ్డి, తల తిప్పితే గడ్డి. అందరూ బొజ్జన్న వైపు చూశారు. బొజ్జన్న తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"అవ్వా, నేను నవ్వను. ఒట్టు!" అన్నాడు.

దండమ్మ ఒక రెల్లుపరక తెంపి వాడి పొట్టకు తాకించింది. అంతే, బొజ్జన్న దబ్బున పడి దొర్లాడు. పక్కనున్న గున్నలు చెల్లాచెదురయ్యాయి.

"నాయనా, వేసవిలో రెల్లు ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం" అన్నది దండమ్మ. "మధ్యలో నువ్వు పడితే మంద ఆగాలి. నిన్ను వదిలి నడిచే గుండె మాకు లేదు. ఆగితే పసిగున్నలు మాడిపోతాయి. నవ్వకుండా నడిచే ఉపాయం చూసుకో. దొరక్కపోతే..." ఆ మాట పూర్తిచెయ్యలేక ముసలిది తొండంతో కళ్ళు తుడుచుకుంది.

బొజ్జన్న ఇప్పచెట్టు కిందికి వచ్చి భోరుమన్నాడు. పైనుంచి మైనాంబ విన్నది. వాడు పోతే ఇక ఎలుగుబంటిని చూసి ఎవరు నవ్వుతారు? ఆ భయం ఉంది. అంతకంటే, రోజూ కళ్ళముందు కనబడే పిల్లాడు దాహంతో పోతాడంటే పైన కూర్చోలేక కిందికి ఎగిరొచ్చింది.

"ఊరుకో నాయనా. నీ పొట్టకు మైనంతో తొడుగు కడతాం. ఈగ కాదు గదా, దోమ కాలు కూడా తగలదు" అన్నది.

మైనం ఎండకు కరగదా అని అడుగుతారు మీరు. పొట్ట కింద ఎప్పుడూ నీడే కదా, తెలివిగల్లవాళ్ళు!

మర్నాడు పని మొదలైంది. చిన్నమేస్త్రి జుంటమ్మ, "పెద్దక్కా, పొట్టమీదే కడదామా?" అని అడిగింది.

"మనం కాలు పెడితేనే నవ్వుతాడు. పరుపుబండ మీద కట్టి, తెచ్చి ఒక్కసారే అతికిద్దాం" అన్నది మైనాంబ.

ఈగలన్నీ బండ మీద వాలాయి. ఒక గది చుట్టూ ఆరు గదులు. వాటి చుట్టూ మరికొన్ని. ఎంత ముద్దుగా వచ్చిందో! పరిచిన చాపలాగా ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. అందరూ పట్టి ఎత్తి బొజ్జన్న పొట్టకు ఆనించారు. నడిమధ్యన బాగానే అతుక్కుంది. అంచులు మాత్రం ముడతలు పడి కుచ్చెళ్ళు కుచ్చెళ్ళుగా వేలాడాయి.

"బొజ్జన్న మామ పావడా కట్టాడోయ్!" అని గున్నలు గంతులేశాయి.

గాలి వీచింది. కుచ్చెళ్ళు ఊగి పొట్టను నిమిరాయి. ఇక చూస్కోండి. బొజ్జన్న నవ్విన నవ్వుకు తొడుగు ముక్కలుముక్కలై రాలింది.

మైనాంబ వెనక్కు తగ్గలేదు. "ముడతలు ఎక్కడ పడుతున్నాయో అక్కడ కోసెయ్యండి" అన్నది. దోసపండు తరిగినట్టు తొడుగును చీలికలుగా కోసి అతికించారు. ఈసారి ముడతలు లేవు. చీలికకూ చీలికకూ మధ్య సందులు ఉన్నాయి.

"పెద్దక్కా, సందులు..." అని నసిగింది జుంటమ్మ.

"సందులు మనం కట్టామా? లేదు. మనం కట్టినవన్నీ ఆరు మూలలే కదా? మరి మన పనిలో వంక లేదు" అన్నది మైనాంబ.

దండమ్మ వచ్చి రెల్లుపరక తాకించింది. ఇంతకుముందు గడ్డికి ఎక్కడ తగలాలో దానికే తెలిసేది కాదు. ఇప్పుడు బాట వేసిపెట్టినట్టయింది. పరక సందులో దూరి, ఈ కొసనుంచి ఆ కొసదాకా తిన్నగా గీరుకుంటూ పోయింది. బొజ్జన్న నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పెట్టాడు.

దాంతో రాణెమ్మ సభ పిలిచింది. రాణెమ్మ అంటే ఆ పట్టుకు ఏలిక.

"తప్పెవరిది?" అని అడిగింది.

"పొట్టది, రాణెమ్మగారూ" అన్నది మైనాంబ.

"అది ఎందుకు గుండ్రంగా ఉంది?"

ఎవరికీ తెలియదు. వెళ్ళి బొజ్జన్ననే అడిగారు. "మా అమ్మనడగాలండీ" అన్నాడు వాడు.

అప్పుడు సభ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది: "ఏనుగు పొట్ట బల్లపరుపుగా ఉన్నది." అందరూ రెక్కలు ఆడించి జయజయధ్వానాలు చేశారు. తీర్మానం సంగతి పొట్టకు తెలియాలి కదా? పొట్టకు చెవి ఎక్కడుంటుందో తెలియక, బొడ్డు దగ్గర నిలబడి గట్టిగా చదివి వినిపించారు. పొట్ట విన్నట్టే లేదు. అలాగే గుండ్రంగా ఉంది.

"మొండిఘటం!" అన్నది మైనాంబ. బొజ్జన్నను పరుపుబండ మీద బోర్లా పడుకోబెట్టింది. రెండు అడవిదున్నలను బతిమాలి వాడి వీపు మీద కూర్చోబెట్టింది. "ఊపిరి బిగపట్టు నాయనా. పొట్ట చదునైతే చాలు, చిటికెలో అతికిస్తాం."

పాపం, మాట వినే పిల్లాడు. కళ్ళు తేలేసి, నాలుక బయటపెట్టి, బిగపట్టాడు. దున్నలు దిగగానే పొట్ట బుడుంగున మళ్ళీ పైకి లేచింది.

అప్పటికి మధ్యాహ్నమైంది. దండమ్మ కబురు పంపింది: "రేపు తెల్లారగానే బయలుదేరుతున్నాం."

బొజ్జన్న మెల్లగా లేచాడు. మైనాంబ ముందు తల వంచాడు.

"మీ తప్పేం లేదు మేస్త్రమ్మా. మీరు ఎంతో కష్టపడ్డారు. నా పొట్టే వంకర. తీర్మానం చేసి చెప్పినా దానికి బుద్ధి రాలేదు. మీరు నామీద కోపం పెట్టుకోకండి. నేను పోయాక ఆ ఎలుగుబంటి వస్తే, దాన్ని చూసి నవ్వడానికి ఎవరినైనా పెట్టుకోండి. గట్టిగా నవ్వాలి సుమా. చిన్నగా నవ్వితే అది పోదు."

మైనాంబ తనలో తాను అనుకుంది: చావబోతూ కూడా వీడు నా తేనె గురించే చెబుతున్నాడే! నేనేం చేశాను? గుండ్రంగా పుట్టినందుకు వీడి వీపు మీద దున్నల్ని ఎక్కించాను. తెలిసి తెలిసీ ఎక్కించాను.

అవును, తెలిసే. ఎందుకంటే మొదటి వరసలో ఏముందో ఆమెకు తెలుసు. తనకు పని నేర్పిన ముసలి మేస్త్రి చెవిలో చెప్పిన మాట కూడా గుర్తుంది: "ఈ సంగతి బయటపెట్టావో, మన జాతి పరువు గంగలో కలుస్తుంది!"

మైనాంబ పైకి చూసింది, కిందికి చూసింది. పైన పరువు వేలాడుతోంది. కింద పిల్లాడు ఏడుస్తున్నాడు. "పోతే పోయిందిలే పరువు!" అనుకుని కొమ్మ మీదికి ఎగిరి, మొదటి వరస మీది జిగురును నోటితో పీకడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో! పెద్దక్కా! ఆచారం!" అని జుంటమ్మ అరిచింది.

జిగురు పెచ్చు ఊడిపడింది. ఈగలన్నీ చూశాయి. జిగురు కింద ఉన్నవి మామూలు గదులు కావు. ఒకదానికి అయిదు మూలలు. పక్కదానికీ అయిదే. వరసంతా అయిదు మూలలవే!

ఒక ముసలి ఈగ కళ్ళు మూసుకుని, "ఎవరైనా దానిమీద ఆకు కప్పండర్రా!" అన్నది. ఇంకొకటి మూర్ఛపోయింది. అది మూర్ఛపోయిన తీరు నచ్చి మరో నాలుగు మూర్ఛపోయాయి.

"చూడండి, కళ్ళు తెరిచి చూడండి!" అన్నది మైనాంబ. "కొమ్మ గుండ్రంగా ఉంటుంది. దానికి ఆరు మూలల గది అతకదు. మా పెద్దమేస్త్రులందరూ మొదటి వరస అయిదు మూలలతోనే కట్టారు. నేనూ అలాగే కట్టాను. మీరూ, మీ పిల్లలూ, ఈ తేనె అంతా వేలాడేది వీటిమీదే. వీటికే జిగురు మెత్తి, కిందికొచ్చి 'తక్కినవి బేకారు' అని మీచేత చెప్పించాను. ఇవి గనక లేకపోతే అందరం ఎప్పుడో కిందపడి ఎలుగుబంటి నోట్లో ఉండేవాళ్ళం."

రాణెమ్మ గొంతు సవరించుకుంది.

"మైనాంబా, దీనికింత రభస ఎందుకు? అది ఆరు మూలల గదే. ఆరో మూల సెలవు మీద ఉంది. అంతే అందాం."

"సెలవు మీద లేదు, రాణెమ్మగారూ. అసలది పుట్టనే లేదు" అన్నది మైనాంబ. "అయిదే. అయిదని చెప్పే కడదాం. అందరికీ చెప్పకపోతే అందరం కలిసి కట్టలేం. పొద్దు గూకేలోపు కట్టకపోతే ఆ పిల్లాడు మనకు దక్కడు."

అని బండ మీదికి దిగి, ముందుగా ఒక అయిదు మూలల గది కట్టింది. దాని చుట్టూ ఆరు మూలల గదులు పేర్చమన్నది. ఆరు గదులు పట్టే చోట అయిదే పట్టాయి. పేర్చుతుంటే అంచులు వాటంతట అవే పైకి లేచి, చాప కాస్తా మూకుడులా వంగింది. ఎవరూ వంచలేదు, ఎవరూ కొయ్యలేదు. ముడత లేదు, సందు లేదు.

"ఓరి దీని దుంపతెగ!" అన్నది ఇందాక కళ్ళు మూసుకున్న ముసలి ఈగ. ఒక కన్ను ఎప్పుడు తెరిచిందో!

ఆ పొట్ట మీద ఎక్కడ వంపు తిరిగితే అక్కడ ఒక అయిదు మూలల గది పెట్టారు. నిండు పొట్టను చుట్టేసరికి అలాంటివి ఆరు పట్టాయి. మిగతా వందల గదులన్నీ ఆరు మూలలవే. పొద్దు వాలేవేళకు తొడుగు తయారైంది. బొజ్జన్నకు తొడిగితే పొట్టకు కొలిచి పోసినట్టు అతుక్కుంది. దండమ్మ రెల్లుపరకతో గీరింది. "గరగర"మని చప్పుడైంది.

"నవ్వు రావడం లేదవ్వా!" అన్నాడు బొజ్జన్న. ఈసారి సంతోషంతో ఏడ్చాడు.

తెల్లారింది. మంద రెల్లులోకి దిగింది. ముందు దండమ్మ, మధ్యలో గున్నలు, వెనక బొజ్జన్న. మైనాంబ, జుంటమ్మ తొడుగును పట్టుకుని వాడితోనే వెళ్ళారు. చేపట్టిన పని దరి చేరేదాకా మేస్త్రి వదలకూడదు.

గరగర, గరగర. సగం దారి దాటింది. అప్పుడు వినబడింది.

"హి."

మంద ఆగిపోయింది. దూరంనుంచి పొగవాసన వస్తోంది.

"మేస్త్రమ్మా, ఎడమ తొడ దగ్గర ఏదో... హిహి... దూరుతోంది" అన్నాడు బొజ్జన్న.

మైనాంబ రివ్వున అటు వెళ్ళింది. అక్కడ తొడుగు ఉబ్బి, అంచు విడిపోయి, ఒక పరక లోపలికి దూరుతోంది. మధ్య గది మూలలు లెక్కపెట్టింది. ఆరు! అయిదు ఉండాల్సిన చోట ఆరు!

జుంటమ్మ ఘొల్లుమంది. "నేనే పెద్దక్కా! అయిదు కట్టడానికి నాకు చేతులు రాలేదు. పుట్టిన్నాటినుంచీ ఆరే కట్టాను. ఎవరూ చూడరులే అని ఒక్కచోట... ఒక్కటంటే ఒక్కచోట..."

మైనాంబ తిట్టలేదు. ఎలా తిడుతుంది? ఆ 'మూలలు ఆరు' మాట నేర్పింది తనే కదా.

"ఏడవకు. నువ్వే పీకు. నువ్వే కట్టు. నేను పక్కనే ఉంటాను" అన్నది.

బొజ్జన్న ఒళ్ళంతా అదురుతోంది. "త్వరగా... హిహిహి... వచ్చేస్తోంది!" మోకాళ్ళు వంగుతున్నాయి. దండమ్మ వెనక్కు పరుగెత్తుకొచ్చి, మరో ఉపాయం తోచక, తన తొండాన్ని వాడి నోట్లో కుక్కేసింది. నవ్వు తొండంలోకి పోయి ముసలిదాని చెవులు టపటపా కొట్టుకున్నాయి. పొగ దగ్గరవుతోంది. గున్నలు తల్లుల కాళ్ళను చుట్టుకున్నాయి.

జుంటమ్మ ఆరు మూలల గదిని పీకేసింది. ఒక గోడ కట్టింది. రెండోది. మూడోది. నాలుగోది. అయిదో గోడ కట్టి ఆగింది. ఆరో గోడ కోసం నోరు తహతహలాడింది. మైనాంబ ఆమె రెక్క మీద చెయ్యేసింది. జుంటమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, అయిదో గోడనే మొదటిదానికి కలిపేసింది.

చుట్టూ ఉన్న గదులు దగ్గరికి జరిగాయి. ఉబ్బు దిగింది. పరక బయటికి జారిపోయింది.

"నడవండి!" అని ఘీంకరించింది దండమ్మ.

నడిచారు. పరుగెత్తారు. చివరి గున్న ఏట్లో కాలు పెట్టేసరికి వెనక రెల్లు భగ్గుమంది. ఒక్కరూ తక్కువ కాలేదు. బొజ్జన్న నీళ్ళలో పడి, తాగి, చిమ్మి, మళ్ళీ తాగాడు. తొడుగు ఊడి నీళ్ళమీద తేలింది. ఒడ్డునున్న కప్పలన్నీ అందులోకి ఎక్కి, పెళ్ళివారిలాగా ఊరేగుతూ వెళ్ళిపోయాయి.

వానలు పడ్డాయి. మంద తిరిగి వచ్చింది. బొజ్జన్న మళ్ళీ ఇప్పచెట్టు కింద నిలబడ్డాడు. అన్నాళ్ళూ ఈగలన్నీ కలిసి నవ్వి పంపేసిన ఎలుగుబంటి, వాడు వచ్చిన రోజే పొట్ట కింద దూరింది. వాడు పకపకా నవ్వాడు. "వచ్చావా! ఇన్నాళ్ళూ నా నడక చూడక నీకు తోచలేదు కదూ?" అని ఎలుగుబంటి మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ పట్టులో మొదటి వరస మీద ఆ తర్వాత ఎవరూ జిగురు మెత్తలేదు. కొత్త ఈగలను అటు తిప్పి నిలబెట్టలేదు, దగ్గరికి పిలిచి చూపించారు. పొద్దున చెప్పే మాట కూడా మారింది. "మూలలు ఆరు! వంపు వస్తే అయిదు!"

ఇక మైనాంబ సంగతి అంటారా? ఆమె ఇప్పటికీ పున్నమి చంద్రుణ్ణి చూస్తుంది. కాకపోతే ముక్కు విరవదు. "ఎంత నున్నగా తిప్పాడమ్మా! ఆ జిగురు కింద ఎన్ని అయిదులు దాచాడో, ఆ మేస్త్రి!" అంటుంది.

నీతి: నిన్ను నిలబెట్టినదాన్ని సిగ్గుపడి దాచుకోకు, దాన్ని దాచుకుని ఎదుటివాడి పొట్టను తప్పుపట్టకు.